చీటీ తీసినావిడ

మా చెల్లికి ఇంట్లో పెట్టిన పేరు వకీలు. నోరు విప్పితే వాదన, మూస్తే అలక. చిన్నప్పుడు పలక పగలగొట్టి కూడా, పలక దానంతటదే పడింది గానీ తను పడెయ్యలేదని మా నాన్నతో వాదించి వాదించి, ఆఖరికి ఆయన చేతే కొత్త పలక కొనిపించుకున్న ఘటం. ఆ నోటికి నల్లకోటు తొడుక్కుంటుందనుకుంటే నర్సు అయింది. పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు. పెళ్ళయింది, ఒక కొడుకు, మొగుడు కరెంటు పని చేస్తాడు. ఇక దీని గొడవలు సర్దుమణిగినట్టే అని నేను నిమ్మళంగా ఉండగా, నలభై దాటిన మనిషి ఒకనాడు మా కొట్టుకి వచ్చి, ఆసుపత్రికి సెలవు పెట్టి ఎమ్మే చదవబోతున్నానని చెప్పింది.

నాది టైలరింగ్ కొట్టు. ఇంటి ముందుగదే కొట్టు. ఆ వేళ ఒక చొక్కాకి కాజాలు కుడుతున్నాను. ఏం చదువే అంటే అంతర్జాతీయ అభివృద్ధి అంది. లోకాన్ని బాగుచెయ్యడానికి కూడా ఎమ్మే ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ముందు మీ సందు చివర మురుక్కాలవ సంగతి చూడు, దేశాల సంగతి తర్వాత చూద్దువుగాని అన్నాను. మామూలుగా అయితే ఒకటికి పది అంటించేది. ఆ రోజు అనలేదు. స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది.

"పిల్లాడికి విరేచనాలని తీసుకొస్తారక్కా. సెలైన్ ఎక్కించి లేపి కూర్చోబెట్టి పంపిస్తాం. ఇంటికెళ్ళి మళ్ళీ ఆ నీళ్ళే తాగుతాడు, మళ్ళీ వస్తాడు. చిల్లుకుండ కింద గుడ్డ పెట్టి తుడుచుకుంటూ కూర్చున్నట్టుంది నా ఉద్యోగం. ఆ చిల్లు పూడ్చేది ఎవరు, ఎవరి కుండ ముందు పూడ్చాలో నిర్ణయించేది ఎవరు, అది తెలుసుకోవాలని ఉంది."

లోపలి గదిలో మా అమ్మ ప్యాంట్ల అంచులు మడిచి కుడుతోంది. దాని మాటలు వినపడే ఉంటాయి. సూది ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ నడిచింది.

మా అమ్మ గురించి ఇక్కడ చెప్పాలి, లేకపోతే మా చెల్లి కథ అర్థం కాదు.

మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. కళ్ళు ఇంకా బాగానే ఆనుతాయి. బొత్తాలు కుడుతుంది, అంచులు కుడుతుంది, దారాలు సర్దుతుంది. కానీ కొత్త గుడ్డకి మొదటి కత్తెర పెట్టదు. ఎవరికైనా ఏదైనా ఇవ్వాలంటే చేతికి ఇవ్వదు, బల్ల మీద పెట్టి వెనక్కి జరుగుతుంది. కుట్టిన బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు, ముసలావిడకి ఏదో పట్టింపు ఉందిలే అనుకుంటారు. పిల్లల్ని ఎత్తుకోదు. సొంత మనవణ్ణి కూడా, వాడే వచ్చి ఒళ్ళో కూలబడితే తప్ప తను చెయ్యి చాపి ఎత్తుకున్నది నేను చూడలేదు. పట్టింపు కాదు అది. చెబుతాను.

మేము అప్పుడు ఊరి చివర రెండు ఇరుకు వీధుల్లో ఒక వీధిలో ఉండేవాళ్ళం. రెండు వీధులకీ కలిపి ఒకటే చేతిపంపు, దాని పక్కనే మురుగు. నేను పదేళ్ళ పిల్లని, వకీలు ఇంకా చంకలో ఉంది. ఒక సంస్థవాళ్ళు జీపులో వచ్చి, ఇంటింటికీ కుళాయి వేయిస్తామన్నారు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. అయితే ఒక మెలిక పెట్టారు. ముందు ఒక వీధికే వేస్తారట. కొన్నాళ్ళు రెండు వీధుల్లోనూ పిల్లల జబ్బులు రాసుకుంటారట. కుళాయి నీళ్ళ వల్ల నిజంగా జబ్బులు తగ్గాయని తేలితే, అప్పుడు రెండో వీధికీ వేస్తారట. ఏ వీధి ముందు అన్నది చీటీలు వేసి తేలుస్తామన్నారు. మేము తీస్తే మీకు అనుమానం రావచ్చు, కాబట్టి మీలోనే ఒకరు తీయండి అన్నారు. ఎంత న్యాయంగా మాట్లాడుతున్నారో అని మా నాన్న కూడా మెచ్చుకున్నాడు.

మా వీధివాళ్ళు మా అమ్మని ముందుకి తోశారు. మా అమ్మది చల్లని చెయ్యి అని పేరు. పుల్ల గుచ్చినా చిగురేసేది. అందుకని నువ్వే తియ్యి, నువ్వే తియ్యి అని వెంటపడ్డారు. బడి ఆవరణలో అందరి ముందూ, బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టి తీసింది. పక్క వీధి పేరు వచ్చింది. సంస్థవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా అమ్మని నిలబెట్టి ఫోటో తీశారు. జీపు వెళ్ళిపోయింది. పక్క వీధికి కుళాయిలు వచ్చాయి.

ఆ ఎండాకాలం రెండు వీధుల్లోనూ విరేచనాల జబ్బు వచ్చింది. మా వీధిలో ఎక్కువ వచ్చింది. మా పక్కింట్లో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ ఉండేది, ఆవిడ కొడుకు పోయాడు. వాడు నడక కూడా సరిగా రాని పిల్లాడు, గోడ పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చేవాడు.

మా అమ్మని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే చిత్రం. పంపు దగ్గరికి వెళితే అక్కడి మాటలు ఆగిపోయేవి. ఎవరి పిల్లనైనా ఎత్తుకోబోతే ఆ తల్లి నవ్వుతూనే వచ్చి, బరువుగా ఉంటాడు ఇలా ఇవ్వండి అని తీసేసుకునేది. ఇస్త్రీ ఆవిడ మా గుమ్మం వైపున్న కిటికీ మూసేసి మళ్ళీ తెరవలేదు. రెండో వీధికి కుళాయి అన్నది మాటల్లోనే ఉండిపోయింది. సంస్థ వెళ్ళిపోయింది, మేమూ ఇల్లు మారాం. మా అమ్మ మాత్రం ఆ చేతిని అప్పటి నుంచి అలాగే దాచుకుంది. ఈ సంగతి వకీలుకి కథగా తెలుసు. నేను కళ్ళారా చూశాను.

ఇక చదువు సంగతి. మొదట్లో అది చెప్పే మాటలు వింటే నాకు నవ్వొచ్చేది. క్లాసులో అందరూ దాని కొడుకు ఈడు వాళ్ళూ, వాళ్ళకంటే కాస్త పెద్దవాళ్ళూనట. పేదరికాన్ని ఎన్ని రకాలుగా కొలవొచ్చో ఒక నెల పాఠం. నేను టేపు మెళ్ళో వేసుకునే పుట్టినదాన్ని కాబట్టి, కొలిచాక కుట్టేది ఎప్పుడే అని అడిగాను. అదే మేమూ అడుగుతున్నాం అంది. రాత్రి వంట మొగుడు చేసేవాడు. మా ఆవిడ లోకాన్ని ఉద్ధరించి వచ్చేసరికి పప్పు మాడిపోకుండా చూడడమే నా వంతు అని అందరితో చెప్పుకునేవాడు, కానీ దాని పుస్తకాలకి అట్టలు వేసింది కూడా ఆయనే. నా వేళాకోళం సంగతి అటుంచితే, అది చాలా శ్రద్ధగా చదివింది. రోగుల దగ్గర నిలబడ్డ మనిషి కదా, పుస్తకంలో శాతాలు కనబడితే దానికి మంచాలు కనబడేవి.

రెండో ఏడాది మొదట్లో ఒకరోజు అది కొట్టుకి వచ్చి, నేను కూర్చోమన్నా కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడింది. వాళ్ళకి పరిశోధన నేర్పే గైడుగారని ఒకావిడ ఉన్నారు. మంచి మనిషేనట, ఊళ్ళన్నీ తిరిగిన మనిషి. ఆవేళ పాఠం, ఉన్నది తక్కువై అడిగేవాళ్ళు ఎక్కువైనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలి అన్నది. తెర మీద ఒక బొమ్మ వేశారట. ఏదో దేశం, ఏదో ఊరు. గుంపు మధ్యలో ఒక ఆడమనిషి డబ్బాలో చెయ్యి పెట్టి నవ్వుతోంది. అందరి ముందూ, అక్కడి మనిషి చేతే చీటీ తీయిస్తే సంస్థ మీద ఎవరూ వేలెత్తి చూపలేరని, దీనికంటే న్యాయమైన పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదని గైడుగారు చెప్పారట. పిల్లలందరూ రాసుకున్నారట. ఇది చెయ్యెత్తింది.

"ఆవిడ తర్వాత ఏమైంది మేడమ్?"

ఎవరు అని అడిగారట ఆవిడ.

"చీటీ తీసినావిడ."

గైడుగారు తప్పించుకోకుండానే చెప్పారట, అది ఎవరూ రాసిపెట్టలేదని. కుళాయిలు ఎన్ని, జబ్బులు ఎన్ని, బడికి వెళ్ళినవాళ్ళు ఎందరు, అన్నీ ఉన్నాయి గానీ చీటీ తీసిన మనిషి ఏమైందో ఎక్కడా లేదట.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఏడు వాళ్ళు ఎక్కడికైనా వెళ్ళి సొంతంగా ఒక పరిశోధన చేసి, దాని మీద పుస్తకం రాసి ఇవ్వాలి. అది ఒప్పుకుంటేనే డిగ్రీ. దీనికి దొరికిందేమిటంటే, పనివాళ్ళ క్వార్టర్సులో పసిపిల్లల్ని పగలు చూసుకునే గది. తల్లులు పనికి వెళితే పిల్లల్ని గదిలో పెట్టి తాళం వేసేవాళ్ళు, మంచం కోడుకి గుడ్డతో కట్టేసి వెళ్ళేవాళ్ళు ఉన్న చోటు. ముందు బ్లాకు, వెనక బ్లాకు అని రెండు. ఒక సంస్థ నుంచి విరాళం వచ్చింది ఒక్క గదికే. ఒక బ్లాకులో గది పెట్టి, రెండు బ్లాకుల పిల్లల్నీ, తల్లుల్నీ ఏడాది పాటు పోల్చి చూడాలి. ఏ బ్లాకు అన్నది చీటీ వేసి తేల్చాలి. చీటీ అక్కడివాళ్ళ చేత తీయించాలి.

వకీలు ససేమిరా అంది. గైడుగారు ఓపిగ్గానే చెప్పారట. నువ్వు తీస్తే నువ్వే ఏదో చేశావంటారు, ఓడిన బ్లాకులో ఒక్కరు కూడా నీ ప్రశ్నలకి జవాబు చెప్పరు, జవాబులు లేకపోతే పరిశోధన లేదు, పరిశోధన చేసేవాళ్ళే చీటీ తీశారంటే పరీక్షకులు పుస్తకం తిప్పి కొట్టినా కొట్టగలరు అని. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆసుపత్రిలో సెలవు ఆ ఏడుతో సరి, మళ్ళీ ఇవ్వరు. ఈ పుస్తకం పోతే చదువు పోయినట్టే. అన్నీ తెలిసే ఇది ఇలా అందట.

"అనుమానం మన మీదే ఉండనివ్వండి మేడమ్. అక్కడ బతకాల్సిన మనిషి నెత్తిన ఎందుకు పెట్టడం?"

ఆవిడ, నీ ఇష్టం, కానీ చీటీ ఎవరు తీశారన్నది పుస్తకంలో దాచకుండా రాయాలి, జరిగేదానికి నేను అడ్డం పడలేను అని వదిలేశారట. ఆవిడ వదిలేసినా దీనికి నిద్ర పట్టలేదు. బ్లాకుల లెక్క వద్దు, ఎవరి పిల్లకి వాళ్ళ తల్లే చీటీ తీసుకుంటే ఒకరి పాపం ఒకరికి అంటదు కదా అని ఒక ఉపాయం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నాకూ బాగానే ఉందనిపించింది. అప్పుడు లోపలి గదిలోంచి మా అమ్మ మాట్లాడింది. ఇన్నేళ్ళలో చీటీ అన్న మాట ఆవిడ నోట మేము వినలేదు.

"అలా చేస్తే, చీటీ రాని తల్లి ఇంక ఎవర్ని తిట్టుకుంటుందే? తన చేతినే తిట్టుకోవాలి."

అంతే అంది. మళ్ళీ సూది పట్టుకుంది. వకీలు ఆ ఉపాయం అక్కడే వదిలేసింది. లేచి వెళ్ళేటప్పుడు, ఆ క్వార్టర్సు వెనక బ్లాకులో ఒక గది అద్దెకి ఖాళీగా ఉందట అక్కా, తీసుకుంటున్నాను అంది.

చీటీ రోజున నేను వెళ్ళాను. అమ్మని రమ్మంటే కాళ్ళు నొప్పులంది. రెండు బ్లాకుల మధ్య సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది, అందులో చేరారు అందరూ. పని దుస్తుల్లోనే వచ్చినవాళ్ళు సగం మంది. వకీలు బల్ల ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. గది ఒక్కటే వచ్చింది, రెండోది వస్తుందో రాదో నేను మాట ఇవ్వలేను, చీటీ నేనే తీస్తాను అని. రెండు చీటీలూ విప్పి అందరికీ చూపించి, మడిచి, ఎవరైనా వచ్చి డబ్బా చూసుకోవచ్చంది.

గోల లేచింది. నువ్వెవరు తియ్యడానికి, తీస్తే మాలో ఒకరు తియ్యాలి, ముందే అనుకుని వచ్చారు అని. అందులో తప్పు పట్టడానికి ఏముంది? నేను వాళ్ళలో ఒకదాన్నయితే నేనూ అదే అందును. వెనక బ్లాకు ఆడవాళ్ళు ఒక చిన్నదాన్ని ముందుకి నెట్టారు. ఆఫీసుల్లో తుడిచే పని చేస్తుందట. చంకలో పిల్లాడు, మొహం నిండా నవ్వు. ఇదిగో ఈ అమ్మాయి తీస్తుంది, దీని చెయ్యి మంచిది అని ఎవరో అన్నారు. ఆ అమ్మాయి పిల్లాణ్ణి పక్కావిడకి ఇచ్చి, అరచెయ్యి బట్టలకి తుడుచుకుని, డబ్బా దగ్గరికి వచ్చింది.

వకీలు డబ్బా మీద తన చెయ్యి పెట్టేసింది.

"వద్దమ్మా. నువ్వు రేపు కూడా వీళ్ళ మధ్యే ఉండాలి. నేను మీ వెనక బ్లాకులోనే, మెట్ల పక్క గదిలో ఉంటాను, ఏడాదీ అక్కడే ఉంటాను. కోపం వస్తే అక్కడికి రండి."

తీసింది. ముందు బ్లాకు వచ్చింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు బ్లాకువాళ్ళు కూడా గట్టిగా సంతోషపడడానికి మొహమాటపడ్డారు. ఆ తుడిచే అమ్మాయి మొహంలో నవ్వు ఎలా పోయిందో చూశాను. పిల్లాణ్ణి తీసుకుని, వెళుతూ వెళుతూ వకీలు ముందు ఆగి, నన్ను తియ్యనిచ్చి ఉంటే మాకే వచ్చేది అంది. వాదనకి దొరకని మాట అదొక్కటే మా వకీలు జీవితంలో.

తర్వాతి నెలలు ఎలా గడిచాయంటే, గైడుగారు చెప్పినట్టే గడిచాయి. ముందు బ్లాకులో ఎవరింటికి వెళ్ళినా కుర్చీ వేసేవాళ్ళు. వెనక బ్లాకులో తలుపులు వేసేవాళ్ళు. కొందరు కాగితం మీద గీతలు గీసుకోవడానికి వచ్చావా అనేవాళ్ళు, కొందరు అసలు మాట్లాడేవాళ్ళే కాదు. వారం వారం ఆ గుమ్మాలకి వెళ్ళేది, నిలబడేది, వచ్చేసేది. ఆ తుడిచే అమ్మాయి ఒక్క ప్రశ్నకి కూడా జవాబు చెప్పలేదు. మెల్లగా కొన్ని తలుపులు తెరుచుకున్నాయి, జ్వరం మందు ఎంత వెయ్యాలనో, పుండు మానడం లేదనో. ఆ తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఏడాది చివర ఏం జరిగిందో ఇప్పుడే చెప్పేస్తాను, మళ్ళీ దాని కోసం ఆగడం ఎందుకు. పుస్తకం రాసింది. అందులో చీటీ తీసేవాళ్ళ గురించి ఒక అధ్యాయం పెట్టింది. దీనికి ఆధారాలేవి అని పరీక్షకులు ఆ అధ్యాయం తీసేయమన్నారు. ఇది తియ్యనంది. అత్తెసరు మార్కులతో గట్టెక్కించారు, అది కూడా గైడుగారు పట్టుబట్టబట్టి. డిగ్రీ అయితే వచ్చింది గానీ, దానితో ఉద్యోగం ఇస్తామని ఏ సంస్థా పిలవలేదు. మళ్ళీ పిల్లల వార్డుకే వెళుతోంది. రెండో గది కోసం ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది, చెప్పులు అరుగుతున్నాయి.

నేను చెప్పదలుచుకున్నది దానికి ముందు సంగతి. ఆ ఏడాది మధ్యలో ఒక సెలవురోజు, వకీలు గది కిటికీకి తెర కుట్టాను, ఇచ్చొద్దామని బయల్దేరాను. ఏ కళనుందో, మా అమ్మ నేనూ వస్తానంది.

చిన్న గది. ఒక మంచం, స్టవ్వు, గోడకి వేలాడుతున్న సంచీ. అమ్మ మంచం మీద కూర్చుంది. నేను కిటికీకి కడ్డీ బిగిస్తున్నాను, వకీలు టీ పెడుతోంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. తుడిచే అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చంకలో పిల్లాడు, వాడి చేతికి కొత్తగా వేసిన పిండికట్టు. తల్లి పనిలో ఉండగా వాడు మంచానికి కట్టిన గుడ్డ విప్పుకుని బయటికి పాకి, మెట్ల మీంచి పడ్డాడని తర్వాత తెలిసింది.

ఆ అమ్మాయి తిట్టిన తిట్లు నేను రాయను. నీ చెయ్యి పడిపోను అన్నది వాటిల్లో చిన్నది. నీకు పిల్లలున్నారా, నీ పిల్లాణ్ణి ఎప్పుడైనా మంచానికి కట్టావా అని అడిగింది. ముందు బ్లాకు పిల్లలు అక్కడ బొమ్మలతో ఆడుకుంటుంటే వీడు మెట్ల మీంచి పడ్డాడంది. నాకు కోపం వచ్చి కడ్డీ వదిలేసి ముందుకి రాబోయాను. వకీలు నన్ను చేత్తోనే ఆపింది. తను వాదించలేదు. పద్ధతి అనలేదు, అదృష్టం అనలేదు, సంస్థ పేరు ఎత్తలేదు. వింది. ఆ అమ్మాయికి ఊపిరి అందక ఆగినప్పుడు మాత్రం ఒక మాట అంది.

"నేనే తీశానమ్మా. చూడకుండానే తీశాను. అయినా తీసింది నేనే."

ఆ అమ్మాయి ఏడ్చింది. నిలబడే ఏడ్చి, తర్వాత గుమ్మంలోనే కూలబడింది. వకీలు కూడా కింద కూర్చుంది. కట్టు ఎక్కడ వేయించావని అడిగింది. పిల్లాడి వేళ్ళు వాచాయేమోనని ఒక్కొక్కటీ ముట్టుకుని చూస్తానంటే, ఆ అమ్మాయి ముందు చెయ్యి అడ్డం పెట్టింది, తర్వాత తీసేసింది. ఇద్దరూ అలా పిల్లాడి వేళ్ళ మీదికి వంగి చాలాసేపు కూర్చున్నారు. వేళ్ళు నీలంగా మారితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి రావాలని వకీలు చెబుతుంటే, ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ తలాడించింది. ఆ అమ్మాయి ప్రశ్నలకి జవాబులు చెప్పడం మొదలుపెట్టిందా అంటే, లేదు. ఆ తర్వాత కూడా కోపంగానే ఉండేదట. కానీ దారిలో ఎదురైతే ఆగి తిట్టేదట, మొహం తిప్పుకోవడం మానేసింది.

మంచం మీద మా అమ్మ కదలకుండా కూర్చుని ఇదంతా చూసింది. టీ చల్లారిపోయింది.

తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కాక అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. వకీలుని ఆ అమ్మాయి అన్ని మాటలన్నందుకు బాధపడుతోందేమో అనుకుని, దానికి ఇవన్నీ అలవాటేలే అమ్మా, దాని నోటి ముందు ఎవరు నిలుస్తారు అని ఏదో సర్దబోయాను. మా అమ్మ నా వైపు తిరగలేదు. ముందు సీటు కమ్మీ పట్టుకుని, అటు చూస్తూనే అంది.

"నా మొహం మీద ఎవరూ అనలేదే పెద్దదానా. ఇస్త్రీ ఆవిడ ఒక్కసారి మన గుమ్మంలోకి వచ్చి నన్ను తిట్టిపోసి ఉంటే, నేను చూడకుండానే తీశానమ్మా అని చెప్పుకునేదాన్ని. వాడు నా గోడ పట్టుకుని నడక నేర్చుకున్న పిల్లాడు. వాడి కోసం నేను కూడా ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. ఏడవడానికి నాకు చోటివ్వలేదు వాళ్ళు."

అని ఏడ్చింది. అన్నేళ్ళ కిందట పోయిన పరాయి పిల్లాడి కోసం, బస్సులో అందరూ తిరిగి చూస్తుండగా, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. మా స్టాపు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను దిగుదామనలేదు.